బొమ్మల పుస్తకమున గూడబాతు

పసిబిడ్డకు మాటలు వచ్చుటతోడనే తల్లి వానిని చంకనెత్తుకొని వాకిట నిలుచును. మొదట చందమామను చూపును. పిదప కాకిని, కుక్కను, లేగదూడను చూపును. 'అదిగో కాకి! కావుకావు మనుచున్నది' అని చెప్పును. బిడ్డయు ఆ కూతను అనుకరించి నవ్వును. వాని విద్యాభ్యాసము ఆ దినముననే ప్రారంభమైనదని నా యభిప్రాయము. పలకయు, బలపమును, బడియు అటుపిమ్మట వచ్చునవియే. తాను గాక వేఱొక ప్రాణి ఈ లోకమున కలదని యెఱుగుట జ్ఞానమునకు తొలిమెట్టు. కావున పసివారికి జంతువులను గూర్చి బోధించు బొమ్మల పుస్తకము చిన్న వస్తువు కాదు. అది యెట్లుండవలెనో ఆలోచించుట పెద్దల విధి. ఎనిమిదవ తరగతికి వచ్చిన మీరును మీ యింటి పసివారికి పెద్దలే గదా!

తల్లులకు సహజముగా తెలిసిన ఈ రహస్యమును గ్రంథరూపమున పెట్టిన విద్యావేత్తలలో కొమీనియస్ అను నాతడు ప్రసిద్ధుడు. ఆయన ఐరోపాఖండమునందలి మొరేవియా దేశీయుడు. 1658వ సంవత్సరమున నూరెంబర్గు నగరమునందు లాటిను, జర్మను భాషలలో ఆయన యొక సచిత్ర పాఠ్యపుస్తకమును ప్రకటించెను. బాలుర కొఱకు బొమ్మలతో వెలువడిన తొలి పాఠ్యపుస్తకములలో అది పేర్కొనదగినది. అందు అక్షరములను నేర్పుటకు ఆయన కాకి కూతను, గొఱ్ఱెపిల్ల అఱపును, అట్టి మఱికొన్ని ధ్వనులను ఎన్నుకొని, ఆ ప్రాణుల బొమ్మలను అక్షరముల ప్రక్కన నిలిపెను. మన తల్లులు వాకిట నిలిచి చేయు పనినే ఆయన కాగితముపై చేసెనని చెప్పవచ్చును.

ఇంత మంచి సాధనమును మనము చక్కగా వాడుకొనుచున్నామా? నా యుద్యోగకాలమున జరిగిన యొక సంగతిని చెప్పెదను. అందు తప్పు నాదే.

ఇరువదియైదేండ్లకు పూర్వము నేను అత్తిలికి సమీపమున నున్న యొక గ్రామ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడనై యుంటిని. మా తరగతి గోడపై జంతువుల పటమొకటి ఉండెడిది. నేనే కొని తెచ్చి తగిలించితిని. అందు జిరాఫీ, జీబ్రా, కంగారూ, పెంగ్విను మున్నగు పండ్రెండు జంతువుల బొమ్మలు కలవు. కఱ్ఱతో చూపగనే రెండవ తరగతి పిల్లలు వాని పేర్లను గడగడ చెప్పెడివారు. తనిఖీకి వచ్చిన వారు సంతోషించెడివారు. నేనును గర్వించెడివాడను.

ఒక శీతకాలపు టుదయమున పాఠశాల వెనుక చెఱువుగట్టున పెద్ద పక్షి యొకటి దిగెను. దాని యొక రెక్క వ్రేలాడుచుండెను. కొల్లేరు మా యూరికి అంత చేరువ కాదు. అయినను ఆ సరస్సు పక్షులు అప్పుడప్పుడు మా చెఱువులకు వచ్చుట కలదు. పిల్లలు గుమిగూడిరి. కొందఱు మట్టిబెడ్డలు విసరిరి. 'ఇది యేమి పక్షి?' అని నేనడిగితిని. ఒకడు 'పెంగ్వినండి' అనెను. ఒక బాలిక 'పెద్దబాతండి' అనెను. నిజము చెప్పవలెనన్న, నాకును దాని పేరు తోపలేదు.

అంతలో వెనుక బల్లనుండి యొక బాలుడు పరుగున వచ్చెను. కొల్లేటి లంకనుండి వచ్చి మేనమామ యింట నుండి చదువుకొనుచున్నవాడు. అక్షరములు కుదురుగా రాలేదని మేము వానిని వెనుక కూర్చుండబెట్టియుంటిమి. వాడు చేతులు చాచి అందఱిని ఆపి, 'కొట్టకండర్రా! అది గూడబాతు!' అని కేక వేసెను. పిదప నావైపు తిరిగి, 'మా కొల్లేట్లో ఇవి బోలెడుంటాయండి మాస్టారండీ. దీనికి రెక్క దెబ్బ తగిలిందండి' అనెను.

నేనొక బొమ్మల పుస్తకమున చదివినది జ్ఞప్తికి వచ్చి, 'ఇది గొంతు క్రింది సంచిలో చేపలను దాచుకొనునట కదా!' అంటిని.

వాడు తల యడ్డముగా త్రిప్పెను. 'దాచుకోదండి. గూడేసి నీళ్ళు తోడినట్టు తోడుద్దండి. నీళ్ళన్నీ కారిపోయాక చేపని మింగేద్దండి' అనెను.

గూడ యనగా నేమో నేటి పిల్లలకు తెలియకపోవచ్చును. పల్లపు కాలువనుండి మెరక చేనికి నీరు పెట్టుటకు రైతులు పూర్వము వాడిన బుట్ట అది. దానికి ఇరుప్రక్కల త్రాళ్ళు కట్టి, ఇద్దఱు మనుష్యులు ఎదురెదురుగా నిలిచి, ఊపుచు నీరు తోడెడివారు. గూడబాతు ముక్కు క్రింది తోలుసంచి చేయు పనియు అట్టిదే. అది నీటిని, చేపను కలిపి యెత్తి, నీటిని వదలి, చేపను మ్రింగును. శాస్త్రజ్ఞులు చెప్పునదియు నిదియే. సంచి తోడుకొను సాధనమే కాని దాచుకొను గిడ్డంగి కాదు. ఏ గ్రంథమును చదువని మన పూర్వులు ఈ సత్యమును కనిపెట్టి, దానిని ఆ పక్షి పేరులోనే భద్రపఱచిరి. నేను పండిత పరీక్ష నిచ్చినవాడను. ఆ మాటయు, ఆ పక్షియు రెండును నా కన్నుల యెదుటనే యున్నను, వానిని కలిపి చూడజాలనైతిని. వెనుక బల్లనున్న బాలుడు చూపినాడు.

ఆ బాలుడు చెఱువులో చిన్న చేపలను పట్టి తెచ్చి పెట్టెను. అయినను ఆ పక్షి రెండు దినములే బ్రతికెను. మూడవనాటి యుదయమున దానిని గట్టునే పాతిపెట్టితిమి. మొదటి బెడ్డ విసరిన పిల్లవాడు ఆ దినము మధ్యాహ్నమున భోజనము చేయలేదు. వాడు క్రూరుడు కాడు. అది యేమియో, ఎట్లు జీవించునో వానికెవ్వరును చెప్పలేదు. చెప్పవలసినవాడను నేను. నేను వానికి పెంగ్వినును గూర్చి చెప్పితిని.

నాటినుండి పసివారి జంతు పుస్తకములను గూర్చి నాకు కొన్ని యభిప్రాయము లేర్పడినవి.

మొదటిది: చేరువనున్న ప్రాణితో ప్రారంభించి దూరమున నున్న ప్రాణికి పోవలెను. డెల్టా గ్రామపు బిడ్డకు మొదట గేదెయు, కొంగయు, కప్పయు, ఉడుతయు, లకుముకిపిట్టయు, కొర్రమేనును పుస్తకమున కనబడవలెను. కొర్రమేను ఎంత వింతయైన చేప! అది నీటిపైకి వచ్చి గాలి పీల్చును. తన చిన్ని పిల్లల గుంపును విడువక వెంటనుండి కాపాడును. ఈ సంగతిని రంగుల బొమ్మతో చెప్పినయెడల ఏ కంగారూ కథకును తీసిపోవునా? బిడ్డ పుస్తకమును మూసి కాలువ గట్టునకు పోయి, 'ఇది నేను చదివినదే!' అని గుర్తించినప్పుడు కలుగు ఆనందము, చూడని జంతువు పేరును వల్లించుటవలన కలుగదు.

'అట్లైన దూరదేశపు జంతువులు వలదా?' అని మీరడుగవచ్చును. వలదనుట కాదు. నా యౌవనమున మాస్కోనుండి ప్రగతి, రాదుగ ప్రచురణాలయముల వారు తెలుగున అచ్చువేసిన అందమైన పుస్తకములు విశాలాంధ్ర దుకాణములలో స్వల్పమైన వెలకు దొరకెడివి. సోవియట్ దేశము 1991లో విచ్ఛిన్నమైన పిదప అవి రావు. మంచును మనము చూడలేదు. అయినను ఆ పుస్తకములలోని యెలుగుబంట్లను, తోడేళ్ళను ప్రేమించితిమి. ఏల? ఆ చిత్రకారులు తమ యడవిని తాము చూచి గీసిరి. వారిలో చారూషిన్ అను చిత్రకారుడు చిన్ననాటినుండియు జంతువుల నడుమ పెరిగినవాడు. తన పెరటిని ప్రేమించి గీసిన బొమ్మ పరదేశమునందును ప్రేమింపబడును. కావున వారి యెలుగుబంటిని మనము నకలు చేయుట వారినుండి నేర్చుకొనుట కాదు. వారు తమ యెలుగుబంటిని చూచినట్లు మనము మన గూడబాతును చూచుటయే వారినుండి నేర్వవలసినది.

రెండవది: బొమ్మయు మాటయు సత్యముగా నుండవలెను. అసత్యపు బొమ్మకు ఆయుర్దాయ మెక్కువ. 1515వ సంవత్సరమున గుజరాతునుండి ఒక ఖడ్గమృగమును ఓడపై పోర్చుగల్ దేశమునకు కొనిపోయిరి. జర్మనీయందలి డ్యూరర్ అను మహాచిత్రకారుడు దానిని చూడలేదు. ఎవరో వ్రాసిన వర్ణనను, ఒక చిత్తుబొమ్మను ఆధారముగా గొని ఆయన చిత్రమును చెక్కించెను. దాని యొడలికి ఇనుప కవచమువంటి పలకలను, వీపుపై లేని చిన్న కొమ్మును కల్పించెను. ఆ బొమ్మ యెంతో యందమైనది. కావుననే రెండు శతాబ్దములకు పైగా ఐరోపా గ్రంథములు దానినే నకలు చేసినవి. అంతకాలము పిల్లలు లేని కొమ్మును ఉన్నదని నమ్మిరి.

మన యిండ్లలోను అట్టి లేని కొమ్ములు కలవు. పాము గిన్నెలోని పాలు త్రాగుచున్నట్లు బొమ్మవేసిన పిల్లల పుస్తకములను నేను చూచితిని. పాము ఎలుకలను, కప్పలను తిను ప్రాణి. పాలు దాని యాహారము కాదు. జెర్రిపోతునకు విషము లేదు. అది మన చేలలోని యెలుకలను తిని రైతునకు మేలు చేయును. చెఱువులలోని నీరుకట్టెకును విషము లేదు. అయినను వీనిని కనబడిన చోటనే కొట్టి చంపుచున్నాము. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర యను నాలుగు విషసర్పములను గుర్తించుటకును, పాము కనబడినప్పుడు దూరముగా తొలగి పెద్దలను పిలుచుటకును నేర్పు బొమ్మల పుస్తకము ఒకటి ప్రతి గ్రామ పాఠశాలలో నుండినచో, మనుష్యుల ప్రాణములును, పాముల ప్రాణములును దక్కును. ఏది విషసర్పమో ఏది కాదో తెలియని పసివాడు దేనిని ముట్టరాదన్న మాటయు ఆ పుస్తకముననే యుండవలెను.

ఇంతమాత్రమున కథలు కూడవని నేననను. 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రికను నేను జీవితమంతయు చెప్పినవాడను, మెచ్చినవాడను. కాని అందలి నక్కలు నక్కలు కావు. అవి నక్కతోలు కప్పుకొన్న మనుష్యులు. వానినుండి మనుష్యులను గూర్చి నేర్చుకొనవలెను. నక్కను గూర్చి నేర్చుటకు వేఱు పుస్తకము కావలెను. కథను కథగాను, నిజమును నిజముగాను ఇచ్చినచో బిడ్డకు రెండును రుచించును. రెంటిని కలిపి యిచ్చినచో రెండును చెడును.

ఈ పొరపాటు పండితులమైన మాకును తప్పలేదు. జక్కవలను గూర్చి కవులు వర్ణించిన పద్యములకు ముప్పదియేండ్లు అర్థము చెప్పితిని. రాత్రివేళ ఆ జంట యెడబాటు నొందునని చెప్పితిని. జక్కవ యనగా శీతకాలమున ఉత్తరదేశములనుండి మన సరస్సులకు వచ్చు బంగారువన్నె బాతు అనియు, దానిని కన్నులార చూడవచ్చుననియు నేను ఉద్యోగవిరమణానంతరము గాని యెఱుగను. బాల్యమున నాకొక బొమ్మల పుస్తకము ఉండియుండిన, ఆ పద్యములను ఇంకెంత యుత్సాహముతో చెప్పియుందును!

మూడవది: మన ప్రాణులను మన పేర్లతోనే పరిచయము చేయవలెను. గూడబాతు, నత్తగుల్లకొంగ, నీటికాకి, బొల్లికోడి — ఈ పేర్లన్నియు చూచిన వారు పెట్టినవి. నత్తగుల్లకొంగ నత్తలను తిని బ్రతుకును. దాని ముక్కు మధ్యనున్న సందే దానికి గుర్తు. ఈ పేరును వదలి ఇంగ్లీషు పేరును మాత్రమే నేర్పినచో, పేరుతోపాటు పేరులోని పాఠమును గూడ పోగొట్టుకొందుము.

ఈ విషయమున మన ప్రాంతమునకు సంబంధించిన యొక గొప్ప యుదాహరణ కలదు. కేరళీయుడైన కె. కె. నీలకంఠన్ ఇంగ్లీషు భాషోపాధ్యాయుడు. ఆయన 1946లో మన పశ్చిమ గోదావరిలోని ఆరేడు గ్రామమున గూడబాతులు గుంపులుగా గూళ్ళు కట్టుకొని పిల్లలను పెంచుచుండుటను కనుగొని, 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో దానిని వర్ణించెను. పిదప తన రాష్ట్రమునకు పోయి, ఇందుచూడన్ అను కలముపేరుతో కేరళ పక్షులను గూర్చి మలయాళమున గ్రంథము వ్రాసి, 1958లో ప్రకటించెను. దానిని చదివి పక్షులను చూడ నేర్చినవారు ఆ రాష్ట్రమున తరతరములుగా పెరిగిరి. మన గూడబాతులను చూచిన కన్నులే ఆ పుస్తకమును వ్రాసినవి! ఆ పక్షుల నడుమ పుట్టిన మనము మన భాషలో, మన పసివారికి, వానిని గూర్చి యెన్ని పుస్తకములు వ్రాసికొంటిమి? 1957లో స్థాపింపబడిన నేషనల్ బుక్ ట్రస్టును, తరువాత వచ్చిన తూలిక, మంచిపుస్తకం, ప్రథమ్ మున్నగు సంస్థలును తెలుగున బొమ్మల పుస్తకములను తెచ్చినవి. అది మెచ్చదగిన పనియే. అయినను కొల్లేటి బిడ్డకు కొల్లేటిని చూపు పుస్తకము కొఱత తీరలేదనియే నా భావన.

ఆ కొఱతవలన నష్టమేమి? ఆరేడు గ్రామపు చెట్లపై ఒకనాడు వేలకొలది గూడబాతులు సంతానమును పెంచినవి. దాదాపు 1975 నాటికి ఆ పక్షిస్థావర మంతరించెను. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమనున్న కొల్లేటిలో చేపల చెఱువులు పెరిగినకొలది సహజమైన సరస్సు కుంచించుకొనిపోయెను. ప్రభుత్వము 1999లో దానిని అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యముగల రాంసార్ చిత్తడినేలల పట్టికలో చేరెను. 2006లో అభయారణ్యములోని అనేకములైన చేపల చెఱువుల గట్లను తెగగొట్టిరి. చేపల పెంపకముపై జీవించువారికి వారి కష్టములు వారికి కలవు. కాని చట్టము గట్టును తెంచగలదు గాని మనస్సును మార్చజాలదు. నేడు కైకలూరు సమీపమున నున్న ఆటపాకలో గూడబాతులు మరల గూళ్ళు కట్టుచున్నవి. చెట్లు చాలనందున వానికొఱకు ఇనుప మంచెలు నిలిపిరి. ఆ మంచెలను రేపు కాపాడవలసినవారు నేటి రెండవ తరగతి పిల్లలు. పేరు తెలియని పక్షిని ఎవరు కాపాడుదురు?

కావున నాలుగవదియు, అన్నింటికంటె ముఖ్యమైనదియు నిది: మంచి జంతు పుస్తకము బిడ్డను పుస్తకమునందే కూర్చుండబెట్టదు. చేయిపట్టి వాకిటికి తీసికొనిపోవును. చదివిన పిదప బిడ్డ లేచి చెట్టువైపు, చెఱువువైపు చూడనిచో, ఆ పుస్తకమెంత ఖరీదైనదైనను వ్యర్థమే.

గూడబాతును పాతిపెట్టిన వారమున మేమొక పని చేసితిమి. ఎనిమిది తెల్లకాగితములను కుట్టి పుస్తకము చేసితిమి. కొల్లేటి బాలుడు చెప్పెను. బొమ్మలు వేయగల బాలిక యొకతె గీసెను. మొదటి బెడ్డ విసరిన పిల్లవాడు రంగులు వేసెను. నేను పెద్ద యక్షరములతో వ్రాసితిని. గూడబాతు, నత్తగుల్లకొంగ, నీటికాకి, కొర్రమేను, నీరుకట్టె, కప్ప, తాబేలు, గేదె — పుటకొక ప్రాణి. బొమ్మలు గొప్పవి కావు. గూడబాతు మెడ వంకరగా వచ్చెను. అయినను సంచి పని యెట్టిదో అందు సరిగా నుండెను. ఆ పుస్తకమును ముందుగా తడుముకొనకుండ చదివినవాడు, చదువురానివాడని మేము వెనుక కూర్చుండబెట్టిన ఆ బాలుడే. అవి వాని మాటలు గదా! ఆ మఱునాటినుండి వాడు ముందు బల్లపై కూర్చుండెను. గోడపైనున్న పటమును నేను తీసివేయలేదు. దాని ప్రక్కనే, దానికంటె కొంచెము క్రిందుగా, పిల్లల చేతికందునట్లు ఈ పుస్తకమును వ్రేలాడదీసితిని.

విద్యార్థులారా! మీ యింట చిన్న తమ్ముడో చెల్లెలో ఉండును. దుకాణమున దొరకని పుస్తకమును మీరే చేయవచ్చును. ముందుగా మీ యూరి ప్రాణి నొకదానిని ఒక వారము కదలక చూడుడు. అది యేమి తినునో, ఎక్కడ నిద్రించునో, పిల్లల నెట్లు పెంచునో వ్రాసికొనుడు. తెలియనిదానిని కల్పింపకుడు. జాలరిని, రైతును, పశువులకాపరిని అడుగుడు. మీ గురువులకు తెలియనిది వారికి తెలిసియుండును, అడుగుటకు సిగ్గుపడకుడు. పిదప నాలుగు పుటలలో బొమ్మవేసి, పెద్ద యక్షరములతో వ్రాసి, ఆ పసివానికి చదివి వినిపింపుడు. చదివిన వెంటనే వానిని చెఱువుగట్టునకు తీసికొనిపోవుట మాత్రము మఱువకుడు.